దొరసాని బొమ్మలో మా పిన్ని

నా పుస్తకం రెండో ముద్రణకు వెళుతోందనీ, ముందుమాటలో మార్పులేమైనా ఉంటే ఈ వారంలోనే చెప్పమనీ ప్రచురణకర్త ఫోన్ చేశారు. ఏమీ లేవని చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక ఎందుకో ఆ ముందుమాట తీసి చదువుకున్నాను. విక్టోరియా రాణి కాలంలో యుద్ధాల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న ఒక ఇంగ్లీషు ఆవిడ జీవితం మీద రాసిన పుస్తకం అది. ముందుమాట రెండో పేరాలో ఇలా ఉంది: “ఆమె బొమ్మను నేను మొదటిసారి చూసింది మ్యూజియంలో కాదు. మస్కట్ శివార్లలో, నాకు దగ్గరి బంధువైన ఒక స్త్రీ, ఒక పరాయి మగవాడు తలుపు మూసుకున్న గదిలో.” అచ్చులో చూసుకుని మురిసిపోయిన వాక్యం అది. చదివినవాళ్ళు మెచ్చుకున్నది కూడా. పేరు రాయలేదు కదా అనుకున్నాను అప్పట్లో. కానీ మా చుట్టాల్లో మస్కట్‌లో ఉద్యోగం చేసిన ఆడమనిషి ఒక్కతే, మా అమ్మ చెల్లెలు సుగుణ పిన్ని, అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆ సంగతి నరసాపురంలో మా ఇంటి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. అంటే నేను పేరు రాసినట్టే.

పిన్ని రిటైరైందనీ, రెసిడెన్సీ రద్దు చేయించుకుని మరో నెలలో ఊరికి వచ్చేస్తోందనీ అమ్మ చెప్పింది. ఇక ఆవిడ మిగిలిన జీవితమంతా ఆ పుస్తకం చదివినవాళ్ళ మధ్యే గడపాలి. ఆ వాక్యం ఆవిడకంటే ముందే ఊరు చేరి కూర్చుని ఉంది. ఆవిడ వచ్చేలోపు దాని సంగతి తేల్చాలనుకున్నాను. మాట పుట్టిన ఊళ్ళోనే ఆవిడ ఎదుట కూర్చుని మాట్లాడితే మంచిదనిపించి, టికెట్ తీసుకుని మస్కట్ వెళ్ళాను.

ఘుబ్రా పేటలో, ఒకప్పుడు నేను పిన్ని దగ్గర ఉన్న ఆ బిల్డింగ్ అలాగే ఉంది. కింద ఉన్న కిరాణా షాపు మాత్రం పేరు మారింది. మెట్లెక్కుతుంటే మా కాలపు వాసన వస్తుందేమోనని ఊపిరి గట్టిగా పీల్చాను, ఏమీ రాలేదు. అప్పట్లో ఆ మెట్ల మీద మా ఫ్లాట్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. పిన్ని ఊరి నుంచి తెప్పించుకున్న ఎండు నెత్తళ్ళు వేయించేది. ఎదురింటివాళ్ళు మొహాలు ముడుచుకుంటారని కిటికీలు, తలుపు బిగించి మరీ వేయించేది. ఎంత బిగించినా వాసన మెట్ల దాకా పాకేది, లోపల పరదాలకీ, పరుపులకీ, నా ఆఫీసు చొక్కాలకీ పట్టేది. దాని పక్కనే డెట్టాల్ వాసన. డ్యూటీ నుంచి రాగానే పిన్ని మొదటి పని చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం, రెండోది యూనిఫాం నానబెట్టడం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం హాల్లో తలుపు కొక్కానికి వేలాడుతుండేది. ఆ హాల్లోనే కింద పరుపు వేసుకుని పడుకునేవాణ్ణి నేను. తెల్లవారి కళ్ళు తెరిస్తే మొదట అదే కనబడేది, ఎవరో మనిషి తల లేకుండా నిలబడినట్టు.

నాకప్పుడు డిగ్రీ పూర్తై ఒకటి రెండేళ్ళయింది. పిన్నే వీసా సంపాదించి రప్పించింది. అజైబాలో ఒక ఆఫీసులో టైపింగ్ పని ఇప్పించింది కూడా ఆవిడే, ఆ మేనేజర్ తల్లికి ఆవిడ సేవ చేసిందట. పిల్లలు లేరు. యాకోబు బాబాయి ఎడారిలో ఆయిల్ క్యాంపు దగ్గర నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. కొన్ని వారాలకొకసారి వచ్చి కొద్దిరోజులుండి వెళ్ళేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంట్లో డీజిల్ వాసన, కొబ్బరినూనె వాసన కలిసి తిరుగుతుండేవి. మాటలు తక్కువ. వెళ్ళేటప్పుడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, ఇల్లు కనిపెట్టుకుని ఉండరా అబ్బాయ్ అని. గ్యాస్ సిలిండరు, కారే ఏసీ, అద్దె కోసం వచ్చే మనిషి, ఆయన మనసులో ఉన్నవి అవే. నేను మాత్రం ఆ మాటను మరోలా తీసుకున్నాను. ఇంటికి మగదిక్కునన్న అహంకారం ఆ వయసులో ఊరికే తలకెక్కుతుంది. నన్ను పోషిస్తున్న మనిషికి నేను కాపలా ఉన్నాననుకున్నాను.

కాపలా ఉన్నవాడికి ఏదో ఒకటి కనబడాలి. నాకు మొదట కనబడింది ఇసుక. శుక్రవారాలు ఆరాధన ముగిశాక, అన్నం తిని, పిన్ని అదనపు డ్యూటీ అని చెప్పి వెళ్ళేది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు గుమ్మం బయట విడిచేది. ఆ చెప్పుల్లో ఇసుక, చిన్న చిన్న రాళ్ళు. ఆసుపత్రి వార్డులో ఇసుక ఎక్కడిది? తర్వాత వాసన. ఆవిడ చీర కొంగుకి డెట్టాల్ కాక మరేదో ఘాటైన వాసన. గోడలకు రంగులేసేటప్పుడు వచ్చేది, టర్పెంటైన్. మరోసారి ఆవిడ సంచిలో గాజుగుడ్డ చుట్టలు కనబడ్డాయి, వాడినవి, ఎర్రటి మరకలతో. వార్డులో వాడిన కట్లు ఇంటికెందుకు తెస్తారు? వేలితో తాకి చూశాను. నెత్తురు కాదు. రంగు. నెత్తురైతే భయపడి ఊరుకునేవాణ్ణేమో, రంగు కావడంతో అనుమానం ఇంకా పెరిగింది. ఒక శుక్రవారం ఆవిడ వెళ్ళగానే వార్డుకి ఫోన్ చేశాను. ఎవరో మలయాళీ సిస్టర్ తీసింది. సుగుణ సిస్టర్‌కి శుక్రవారాలు ఆఫ్ కదా, మీకు తెలియదా అంది. ఆ ‘తెలియదా’ నా చెవిలో చాలాసేపు మోగింది.

ఆ తర్వాతి శుక్రవారం కిరాణా షాపులో కూల్ డ్రింక్ కొంటున్నట్టు నిలబడ్డాను. ఒక కంపెనీ పికప్ వచ్చి ఆగింది. పిన్ని ముందు సీట్లో ఎక్కింది. నడిపే మనిషిని గుర్తుపట్టాను. నర్సయ్య. నిర్మల్ వైపు మనిషి, అల్ అమెరాత్‌లో ఒక కంపెనీలో బోర్డులు రాసేవాడు. థిన్నర్ అంటుకుని చెయ్యి కాలితే, పిన్ని వార్డులో చాలా రోజులు కట్లు కట్టించుకున్నాడు. నయమయ్యాక ఒకసారి ఇంటికొచ్చి, గోడకి తగిలించుకొమ్మని చెక్క మీద రెండు చిలకలు వేసి ఇచ్చాడు. టీ తాగుతూ పిన్నిని అక్కా అక్కా అంటూ మాట్లాడాడు. నాకు నచ్చలేదు. అక్క అనేది రక్షణగా వాడే మాట కూడా కావచ్చునని అప్పుడే అనుకున్నట్టు గుర్తు.

అల్ అమెరాత్‌లో అతని రూమ్ ఎక్కడో మా ఆఫీసు బాయ్‌కి తెలుసు. మరో శుక్రవారం ట్యాక్సీలో వెళ్ళాను. కొండల మధ్య, సగం కట్టి వదిలేసిన గోడల పక్కన, రేకుల షెడ్లు. ఎండకి రేకులు టప టప అంటున్నాయి. కూలివాళ్ళు ఎక్కడికి పోయారో, మనిషి అలికిడి లేదు. చివరి గది తలుపు మూసి ఉంది. బయట మగ చెప్పుల జత, దాని పక్కన మా పిన్ని చెప్పులు. నేను నీళ్ళ డ్రమ్ము నీడలో నిలబడ్డాను. లోపల మాటల్లేవు. మాటలు వినిపించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. మౌనానికి నా ఇష్టం వచ్చిన అర్థం పెట్టుకున్నాను.

తలుపు తెరుచుకుని పిన్ని బయటికొచ్చింది. తలంటుకున్న జుట్టు ముడి వేసుకుంటోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆవిడ నన్ను చూడలేదు. చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ వెనక, తెరిచిన తలుపులోంచి నాకు ఆ బొమ్మ కనబడింది. గోడంత బొమ్మ. కొండలు, బూడిదరంగు తెల్లవారుజాము, నేల మీద పడి ఉన్న మనుషులు. మధ్యలో మా పిన్ని, జుట్టు విరబోసుకుని, ఒళ్ళో ఒక మగవాడి తల పెట్టుకుని. మా పిన్ని ముఖమే. కళ్ళు తడి తడిగా మెరుస్తూ సరిగ్గా నా వైపు చూస్తున్నాయి. ఆ మగవాడి ముఖం ఇంకా సగమే వేసి ఉంది. ఆ సగాన్ని నేను నర్సయ్యతో పూరించుకున్నాను.

నేను బాబాయికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నన్ను రెండు తిట్టి, పిన్నిని పిలిచి అడిగి ఉండేవాడేమో. నేను మా వాళ్ళు చేసే పనే చేశాను. గురువారం సాయంత్రాలు ఇంటి ప్రార్థన జరిగేది, నర్సులు, ల్యాబ్ వాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. పాటలయ్యాక సంఘపెద్ద అబ్రహాం గారు ప్రార్థన అంశాలు అడిగేవారు. ఒకరు మోకాళ్ళ నొప్పులంటారు, ఒకరు తమ్ముడికి పెళ్ళి కుదరడం లేదంటారు. ఎదుటి మనిషి గురించి నేరుగా అనలేనిది ఏదైనా అక్కడ అంశంగా పెట్టవచ్చు. అనుమానించినట్టు ఉండదు, ఆత్మల భారం మోస్తున్నట్టు ఉంటుంది. ఆ వారం పిన్నికి నిజంగానే డ్యూటీ. బాబాయి సెలవు మీద వచ్చి ఉన్నాడు, చాప మీద మూలన కూర్చుని ఉన్నాడు. నేను లేచి, “మా ఇంట్లో ఒకరు అన్యుల సహవాసంలో పడి, చేయకూడని స్థలానికి వెళ్తున్నారు. దేవుడు విడిపించేలా ప్రార్థించండి” అన్నాను. పేరు చెప్పలేదు. అప్పుడూ పేరు చెప్పలేదు. మా ఇంట్లో ఉన్నదే ముగ్గురం.

అబ్రహాం గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. విగ్రహాల నుంచి, వ్యభిచారం నుంచి, చీకటి నుంచి అని ఒక్కొక్కటిగా పలికారు. అందరూ ఆమెన్ అన్నారు. బాబాయి కూడా ఆమెన్ అన్నాడు. కొంచెం ఆలస్యంగా అన్నాడు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను కనుక చూశాను.

ఇంట్లో గొడవ జరగలేదు. అది జరుగుతుందని ఎదురుచూశాను. బాబాయి పిన్నిని ఒక్క మాట కూడా అనలేదు. ఎప్పటిలాగే బూట్లు తొడుక్కుని ఎడారికి వెళ్ళాడు. వెళ్ళేముందు ఇల్లు కనిపెట్టుకోమని మాత్రం అనలేదు. ఆ తర్వాత క్యాంపు నుంచి వార్డుకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. డ్యూటీలో ఉందా, ఎన్నింటికి దిగుతుంది, దిగిందా. మొదట్లో సిస్టర్లు నవ్వుకున్నారట, భర్తకి ఎంత ప్రేమో అని. తర్వాత నవ్వడం మానేశారు. పిన్నికి విషయం ప్రార్థనకొచ్చిన ఎవరో చేరవేశారు. ఆవిడ ఆ సంఘానికి వెళ్ళడం మానేసింది. నాకు మాత్రం రోజూ అన్నం పెట్టింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆ అన్నం తినలేక, కొన్నాళ్ళకి ఏదో సాకు చెప్పి ఉద్యోగం వదిలి ఊరికి వచ్చేశాను. బాబాయి పోయేదాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడని అమ్మ చెప్పింది. మంచం మీద ఉండి కూడా చేశాడట.

హైదరాబాద్‌లో పత్రికలో పనిచేస్తున్నప్పుడు ఒక ఆదివారం, పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఆ బొమ్మ మళ్ళీ కనబడింది. అచ్చు అదే. నేల మీద మనుషులు, మధ్యలో ఒక స్త్రీ, ఒళ్ళో సైనికుడి తల. కొండలు మాత్రం వేరు, ముఖం ఎవరో తెల్లావిడది. నూరేళ్ళకు పైగా పాతది. కింద ఒక ఇంగ్లీషు స్త్రీ పేరు. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. నర్సయ్య తనకు జరిగింది వేయలేదు, మరెవరో ఎప్పుడో వేసిన బొమ్మను తన కొండల్లో దించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ చిత్రకారిణి వెంట పడ్డాను. పుస్తకంలో ఆమె పేరు ప్రతి పేజీలోనూ ఉంది, ఇక్కడ మళ్ళీ చెప్పను. నర్సయ్య ఆమెను దొరసాని అనేవాడట. నేనూ అదే అంటాను.

దొరసాని ధాన్యం వ్యాపారి కూతురు. మనిషిని ఎదురుగా నిలబెట్టి గీయడం నేర్పే తరగతిలోకి ఆ రోజుల్లో ఆడపిల్లల్ని రానిచ్చేవారు కాదు. ఆమె సైనిక పటాలం గేటు దగ్గర నిలబడి గుర్రాలను గీసేది. యుద్ధం నుంచి కాలో చెయ్యో పోగొట్టుకుని వచ్చి, వీధుల్లో అగ్గిపెట్టెలు అమ్ముకునే సైనికులను ఇంటికి తెచ్చి కూర్చోబెట్టి బొమ్మలు వేసేది. పాతబట్టల అంగడిలో చిరిగిన సైనిక కోట్లు వెతికి కొనేది. తోటమాలి చేత గడ్డి మీద నీళ్ళు కొట్టించి, ఆ బురదలో మనుషుల్ని పడుకోబెట్టేది. అలా పడుకున్న ముసలి సైనికుడొకడు కళ్ళు మూసుకుని ఏడ్చాడనీ, ఆమె కుంచె పక్కన పెట్టి అతనికి టీ ఇచ్చి ఆ రోజుకి పని ఆపేసిందనీ ఒకచోట చదివాను. గది తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలనేది తల్లి నియమం, వంటమనిషి మూలన కూర్చుని కాపలా కాసేది. ఆమె ఒక్క యుద్ధం కూడా చూడలేదు. చూసినవాళ్ళను చూసింది.

ఆమెకి పేరు తెచ్చిన బొమ్మలో జెండా లేదు, సేనాని లేడు, శత్రువు లేడు. పోరు ముగిసిన మర్నాటి వేకువ అది. ఆ స్త్రీ జుట్టు ఎందుకు విడివడి ఉందో బొమ్మలోనే ఉంది. తలకు కట్టుకున్న పట్టీ విప్పి సైనికుడి మోచేతికి కట్టింది. ఆ పట్టీ ఎర్రగా తడిసి స్పష్టంగా కనబడుతుంది. అల్ అమెరాత్ బొమ్మలో కూడా ఉండే ఉంటుంది. నేను జుట్టు మాత్రమే చూశాను.

ఆ బొమ్మ చూడడానికి జనం విరగబడ్డారు. వెంటనే పత్రికలు అనుమానం రేపాయి. యుద్ధం చూడని ఆడపిల్ల ఇంత బాగా ఎలా వేస్తుంది, సైన్యంలో ఉన్న అన్న వేసి ఉంటాడు, లేదా గదికి వచ్చిపోయే మరో మగవాడెవరో వేసి ఉంటాడని రాశాయి. కొందరు పెద్దమనుషులు, మా ఎదుట ఒక గుర్రాన్ని వేసి చూపిస్తే నోళ్ళు మూయిస్తామని కబురు పెట్టారు. ఆమె వేయనంది. తప్పు చేసింది కనుకే వేయనంటోందని అందరూ తేల్చుకున్నారు. తర్వాత ఒక సైనికాధికారిని పెళ్ళాడి, అతను ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి తిరిగింది. జనానికి జెండాలున్న బొమ్మలు కావలసివచ్చాయి, ఆమె వేయలేదు. ముసలితనంలో అక్క ఇంట్లో ఒక గదిలో ఉండి కన్నుమూసింది. ఎందుకు నిరూపించుకోలేదో ఎక్కడా చెప్పలేదు. ఆమెను అనుమానించినవాళ్ళను నా పుస్తకంలో చీల్చి చెండాడాను. ఒక అధ్యాయం నిండా. అదే పుస్తకానికి ముందుమాటలో ఆ వాక్యం రాశాను. అప్పటికి నాకు బొమ్మ సంగతి తెలుసు. అయినా మూసిన తలుపు సంగతి తేలలేదుగా అని నా మనసు ఒక మెలిక పట్టుకుని కూర్చుంది. కాపలావాడి బుద్ధి అంత తొందరగా పోదు.

పిన్ని తలుపు తీసి, “ఏరా, చిక్కిపోయావేంటి” అంది. హాల్లో సగం సామాను డబ్బాల్లో సర్ది ఉంది. నేను కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చివరికి పుస్తకం తీసి, ఆ పేజీ ముందు పెట్టి, తప్పయిందన్నాను. ప్రార్థనలో అన్నది తప్పు, పుస్తకంలో రాసింది తప్పు, రెండో ముద్రణలో అది తీసేస్తాను అన్నాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని చదివింది. చదవడం అదే మొదటిసారి కాదని అర్థమైంది, కళ్ళు నేరుగా ఆ వాక్యం దగ్గరికే వెళ్ళాయి.

“తీసేస్తే ఏమవుద్ది?” అంది. “ఏం తీసేశాడా అని పాత పుస్తకం వెతికి మరీ చదువుతారు. ఇంతకీ ఇప్పుడెందుకొచ్చావు? నా కోసమా, నీ మనసు తేలిక చేసుకోడానికా?”

ఆవిడ టీ పెట్టడానికి లేచింది. వంటగదిలోంచే ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది. నర్సయ్య కంపెనీ యజమాని, అర్బాబ్ అని పిలిచేవారు, కుర్రతనంలో సైన్యంలో పనిచేసి, తోటివాళ్ళను పోగొట్టుకున్న మనిషి. అతని దగ్గర దొరసాని బొమ్మలున్న పాత పుస్తకం ఉండేది. ఆ బొమ్మను ఇక్కడి కొండల మధ్య, ఇక్కడి మనుషులతో గోడంత వేసిపెట్టమన్నాడు. ఇంగ్లీషు చదవగలిగేది పిన్ని కనుక, దొరసాని కథ నర్సయ్యకు చదివి చెప్పింది ఆవిడే. దొరసాని చేసినట్టే చేద్దామని నర్సయ్య పట్టుబట్టాడు. శుక్రవారం వాగు ఇసుకలో, రూమ్‌లోని జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళను శవాల్లా పడుకోబెట్టేవాడు. కట్లు పిన్ని కట్టేది, వాటికి ఎర్రరంగు నర్సయ్య పూసేవాడు.

“ఆ మల్లేశం ఉన్నాడే, నా ఒళ్ళో తలపెట్టినోడు,” అంది, టీ గ్లాసు నా ముందు పెడుతూ, “చచ్చినోడిలా పడుకోరా అంటే గురక పెట్టేవోడు. వారమంతా సైట్‌లో ఎండకి మాడి ఉంటాడు కదా, పడుకోగానే నిద్ర. నర్సయ్య తిట్టేవాడు. నేను వద్దనేదాన్ని, పడుకోనీ పాపం అని. వాడికి ఇరవై కూడా లేవు.”

మరి తలుపు ఎందుకు మూశారని నేను అడగలేదు. నా ముఖంలో కనబడి ఉంటుంది, ఆవిడే చెప్పింది. నర్సయ్య వాళ్ళింట్లో తాతల నాటి పద్ధతి, ఏ ముఖానికైనా కళ్ళు అన్నిటికంటే ఆఖర్న వేస్తారు. దాన్ని కన్ను తెరవడం అంటారు. ఆ రోజు తలుపు మూసి, ఎవరి ముఖమో ఆ మనిషిని తలంటు పోసుకుని రమ్మని ఎదురుగా నిలబెడతారు. తెరిచిన కళ్ళు మొదట ఆ మనిషినే చూడాలి. అతను చెప్పిన మాటలు పిన్ని అతని యాసలోనే అంది: “మా ఇంట్ల గిట్లనే చేస్తరక్కా. నువ్వు నీ దేవునికి మొక్కుకో, నేను నా పని చేసుకుంట.” ఆవిడ కీర్తన ఒకటి మనసులో చెప్పుకుంటూ నిలబడిందట. ఇది విగ్రహాల పని అవుతుందేమోనని భయం, అందుకే సంఘంలో ఎవరికీ చెప్పలేదు. బాబాయికి చెబితే ఆయన అబ్రహాం గారిని అడుగుతాడు, అందుకే ఆయనకీ చెప్పలేదు. చివరి చుక్క పెట్టి నర్సయ్య పక్కకి జరగగానే ఏడుపొచ్చిందట.

“తర్వాత మాట పాకింది కదా. నర్సయ్య ఆ జుట్టు మీద ముసుగు వేసేశాడంట. అర్బాబ్ ఇంట్లో ఉంది ఇప్పటికీ. నేను మళ్ళీ చూళ్ళేదు. నర్సయ్య వీసా అయిపోయి వెళ్ళిపోయాడు, పోయాడని కూడా విన్నాను.”

నేను ఉత్సాహంగా, ఇదంతా రాస్తాను పిన్నీ అన్నాను. నువ్వు సాయం చేయడానికి వెళ్ళావనీ, ఒక పేషెంటు అడిగితే కాదనలేక వెళ్ళావనీ, నీలో ఏ దోషమూ లేదనీ అందరికీ తెలిసేలా రాస్తాను అన్నాను. ఆవిడ టీ తాగడం ఆపింది.

“అదిగో, మళ్ళీ నీకు తోచిందే రాస్తానంటావు. కాదనలేక కాదు, కావాలని వెళ్ళాను. వారమంతా బెల్లులు, బెడ్‌పాన్‌లు. ఇంటికొస్తే నువ్వు, నీ చొక్కాలు. అక్కడ ఇసుకలో కదలకుండా కూర్చుంటే, ఒక మనిషి నన్ను మాత్రమే చూస్తా ఉండేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఎప్పుడు శుక్రవారం వస్తుందా అని ఉండేది నాకు. డ్యూటీ అని అబద్ధం చెప్పాను. మళ్ళీ అయినా చెబుతాను. సరిదిద్దాలంటే అది రాయి.”

నేను తల ఊపాను. ఆ క్షణం గురించి నిజం చెప్పకపోతే నేనిప్పుడు రాస్తున్నదంతా వృథా. ‘నన్ను మాత్రమే చూస్తా ఉండేవాడు’ అన్నమాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎంతసేపు చూసేవాడు, ఎలా చూసేవాడు, కుర్రాళ్ళు వెళ్ళాక కూడా కూర్చునేదా, ఏడుపు దేనికొచ్చింది. క్షమాపణ అడగడానికి ఇంత దూరం వచ్చినవాణ్ణి, ఆవిడ ఇచ్చిన టీ చేతిలో పెట్టుకుని, నీళ్ళ డ్రమ్ము నీడలో నిలబడ్డట్టే కూర్చున్నాను. ఏసీ గురించో, విమానం గురించో ఏదో మాట వెతుక్కున్నాను.

పిన్ని నా వైపే చూస్తోంది. వార్డులో పేషెంటు నొప్పి లేదంటున్నప్పుడు నర్సులు చూసే చూపు అది.

“మీ బాబాయి ఇలాగే చూసేవాడు,” అంది. “పోయేదాకా చూశాడు. ఒక్కసారి అడుగుతాడని నేను కనిపెట్టుకుని ఉన్నాను. అడగలేదు. నువ్వన్నా అడుగు.”

“అడగను పిన్నీ.”

“ఎందుకని? తెలుసుకోవాలని లేదా?”

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆవిడ కళ్ళు నా మీదనుంచి కదల్లేదు.

“ఉంది,” అన్నాను.

ఆవిడ చల్లారిన టీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

“అది కూడా రాయి,” అంది.